తోక లేని కోడిపుంజు

పొద్దున లేస్తూనే, పొయ్యిలో పుల్ల కూడా పెట్టకముందు, ఒటీలియా శాలువా కప్పుకుని వాకిట్లోకి వచ్చి ఊళ్ళో పొగలు చూసేది. ఓరవ నది పక్కన కొండవాలు పట్టుకుని లేచిన చిన్న ఊరు లిపోవ్కా. ఉన్నవి ముప్పై ఎనిమిది ఇళ్ళే కాబట్టి ఆమె గడపలోంచి అన్నీ కనిపించేవి. ఒక్కో పొగగొట్టం మీద చూపు ఆపి, ఆ ఇంట్లో వాళ్ళని పేరుపేరునా తలుచుకుని, "దేవమాతా, వీళ్ళని కనిపెట్టుకుని ఉండు తల్లీ" అని సిలువ గుర్తు వేసుకునేది. ఎక్కడైనా పొగ లేవకపోతే ఇక ఆగేది కాదు. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టేది. భార్య మంచం పట్టి ఉండగా ముసలి ఫ్లోరియాన్ కాలు విరిగి పశువుల కొట్టంలో పడి ఉండటం అలా వెళ్ళినప్పుడే చూసింది. ఆరోజు ఆమె వెళ్ళకపోతే అతను చలికి బిగుసుకుపోయేవాడే.

ఈ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొగుడు పోయాక పిల్లలు లేని ఇంట్లో, పెళ్ళి లేకుండా ఉండిపోయిన అక్క రొజాలియాతో కలిసి బతుకుతూ, ఊరంతా తనదే అనుకుంది. ఊరు కూడా అలాగే అనుకుంది. చలిలో తలుపు తట్టి పొయ్యి వెలిగించి పెట్టే మనిషి దగ్గర ఎవరు మాత్రం ఏం దాస్తారు? కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవారు. ఆమె విని, మరో చోట అనకుండా వచ్చేసేది.

ఊరికి ఆమె ఇంకొకందుకు కూడా కావాలి. కథలు చెప్పేది.

జనవరి మొదట్లో ముగ్గురు రాజుల పండుగ వెళ్ళిన మర్నాటి నుంచి, తపస్సుకాలం ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం దాకా ఆడవాళ్ళంతా మధ్యాహ్నం పూట ఒక ఇంట చేరి బాతు ఈకలు ఒలిచేవారు. పెళ్ళికూతురున్న ఇల్లుంటే మొదట ఆ ఇల్లే. ఈక తీసుకుని, మధ్యనున్న గట్టి పుల్లకు రెండు పక్కలా ఉన్న మెత్తనిది లాగి కుప్ప పోయాలి. కాపురానికి తీసుకెళ్ళే ఒక ఈకల దుప్పటికీ రెండు దిండ్లకూ పదిహేను మంది కూర్చున్నా మూడు వారాలు పట్టేది. గదిలో పగలబడి నవ్వకూడదు, తుమ్మకూడదు, తలుపు దబాలున తియ్యకూడదు. ఒక్క గాలి విసురు తగిలితే పూట కష్టం అటకెక్కుతుంది. అటువంటి చోట చేతులు ఆడాలంటే కథ ఉండాలి. కథ చెప్పేవాళ్ళకు పొయ్యి పక్క పీట, ఎండు బేరిపళ్ళ గిన్నె, ఈకలు ఒలిచే పనిలో సగం మినహాయింపు.

ఒటీలియా తల్లి కూడా ఆ పీట మీద కూర్చున్నదే. చనిపోయే ముందు కూతురికి ఒక్కటే నేర్పింది. "మన ఊరి పొగ కనిపించేంత దగ్గర్లో కథ ఎప్పుడూ జరగనివ్వకు. బతికున్నవాళ్ళని కథలోకి లాగకు." ముప్పై ఏళ్ళు ఒటీలియా ఆ మాట దాటలేదు.

దాటిన ఏడు, వెరోనా కూతురు ఇర్మా పెళ్ళి. ఆ ఏడే సహకార సంఘం హాల్లో టెలివిజన్ పెట్టారు.

"పిన్నీ, ఆ పాముల రాజు కథ వద్దులే. ఎక్కడ బుస కొట్టాలో ఆ పాముకంటే ముందు మాకే తెలుసు," అంది ఇర్మా, చేతిలో ఈక ఆడిస్తూ.

మిగతావాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"హాల్లో అయితే రోజుకో కొత్త కథ," అంది పక్కనున్న పిల్ల.

"వెళ్ళి దానిముందు కూచుని ఒలవండే మరి!" అంది వెరోనా. "మొన్న మీ వదిన అదేదో పాట చూస్తూ ఈక అనుకుని తన శాలువా అంచు పీక్కుంది. ఇంటికెళ్ళి చూసుకుంటే సగం శాలువా లేదు."

ఒటీలియా కూడా నవ్వింది. కానీ ఎక్కడో చురుక్కుమంది. ఇంటికి వెళ్ళాక మంచంలో ఉన్న అక్కకు గంజి తాగిస్తూ, "నా కథలు పాతబడ్డాయిటే అక్కా," అంది. రొజాలియాకు ఆ చలికాలం ఊపిరితిత్తులు చెడి లేచే ఓపిక లేదు. "నువ్వూ పాతబడ్డావుగా," అని దగ్గుతూ నవ్వి, "రేపు గురువారం కదూ, గిజెలా వస్తుంది తల దువ్వడానికి," అంది.

గిజెలా ఒటీలియాకు చిన్నప్పటి నేస్తం. ఎక్కువ మాట్లాడని మనిషి. ఊళ్ళో ఎవరికి చివరి ఘడియలు వచ్చినా ఆమెను పిలిచేవారు. వచ్చి, చెయ్యి పట్టుకుని, జపమాల తిప్పుతూ, పెదవులు తడుపుతూ కూర్చునేది. ఇంటివాళ్ళకు భయం పోయేది. మంచం పట్టినవాళ్ళకు వారం వారం తల దువ్వి జడ వేసి వచ్చేది కూడా.

వెనకటి ఏడు మృతుల పండుగ నాడు పొద్దున గిజెలా ఇంటి మీద పొగ లేదు. ఒటీలియా వెళ్ళేసరికి ఆమె చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆరోజు చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళ అత్తగారు పదకొండు రోజులు ప్రాణం పోక కొట్టుకుంది. అలా కొట్టుకునేవాళ్ళ తలకింద దిండు తీసేస్తే సులువుగా పోతారని ఆ లోయలో నమ్మకం. పన్నెండో రోజు తెల్లవారుతుండగా, గదిలో ఇంకెవరూ లేనప్పుడు, గిజెలా ఆ దిండు తీసేసింది. పొద్దెక్కేలోపు ఆవిడ పోయింది.

"జాలితో తీశానో, విసిగిపోయి తీశానో నాకు ఇప్పటికీ తెలీడం లేదే ఒటీలియా," అంది.

ఒటీలియాకు ఆ మాట వింటూ కూర్చోవడం కష్టమైంది. గబుక్కున లేచి పొయ్యి వెలిగించింది. "ఈ మాట ఈ పొయ్యిలో పడి కాలిపోయిందనుకో. ఇంకెవరికీ తెలీదు," అంది.

ఇర్మా ఈకలు ఒలిచే రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఒటీలియా పీట మీద కూర్చుని, "ఇవాళ కొత్త కథ," అంది.

అనగానే గది సర్దుకుంది. ఎక్కడో పోలెండు వైపు, మూడు కొండల అవతల, ఒక కోడలు. ఒక ముసలి అత్త, చావు రాదు. కోడలు దిండు లాగేస్తుంది. అత్త పోతుంది గానీ తల ఆనించుకోను చోటు లేక తిరిగొస్తుంది. ఇంటింటి కిటికీ దగ్గరా నిలబడి, "నా దిండు ఎవరు తీశారే?" అని అడుగుతుంది. ఒటీలియా గొంతు ముసలిది చేసి అడిగేసరికి ఆడపిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. ఇర్మా చేతిలో ఈక ఆగిపోయింది. అది చూసి ఒటీలియాకు ఒళ్ళు తెలియలేదు. కథకు కంటి ముందు నిలిచేది ఒకటి కావాలి కదా, అది దానంతటదే నోట్లోకి వచ్చింది.

"దిండు అంచున ఎర్రదారంతో కుట్టిన కోడిపుంజు. తోక లేని కోడిపుంజు."

లిపోవ్కాలో ఏ ఇంటి కుట్టు ఆ ఇంటిదే. పొద్దున్నే దిండ్లు కిటికీల్లో ఆరేస్తారు కాబట్టి ఎవరి గుర్తు ఏదో పిల్లలకు కూడా తెలుసు. యుద్ధం రోజుల్లో ఎర్రదారం అయిపోయి, గిజెలా అత్తగారు పుంజుకు తోక కుట్టకుండానే వదిలేసింది. ఊరంతా ఆ ఇంటిని సరదాగా తోకలేని పుంజు ఇల్లనే పిలిచేది.

తలలు ఒక్కొక్కటే బల్ల చివరకు తిరిగాయి.

బల్ల చివర గిజెలా కూర్చుని ఉంది. చేతిలో ఉన్న ఈకను చివరిదాకా ఒలిచింది. మెత్తనిది కుప్ప మీద పెట్టి, పుల్లను బుట్టలో వేసింది. ఒళ్ళో పడినవి వేళ్ళతో ఏరి అవీ కుప్పలో వేసింది. లేచి వెళ్ళి, తలుపు మెల్లగా, ఒక మనిషి పట్టేంత మాత్రం తీసి, బయటికి జారి, అంతే మెల్లగా మూసింది. బల్ల మీద ఒక్క ఈక కూడా కదల్లేదు.

"తర్వాత?" అంది ఏమీ అర్థం కాని చిన్నపిల్ల.

తర్వాత ఏముందో ఒటీలియాకు తెలియలేదు. వెరోనా లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, వేడి టీ చేతిలో పెట్టింది. ఆ మంచితనం ఆమె మొహం మీద ఉమ్మినట్టే తగిలింది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండును.

మర్నాడు పొద్దున వాకిట్లో నిలబడి ముప్పై ఏడు ఇళ్ళ వాళ్ళను తలుచుకుంది. ముప్పై ఎనిమిదో పొగ మీదకి కళ్ళెత్తలేకపోయింది. ఆ ఇంటి కిటికీలో ఇక దిండ్లు ఆరలేదు.

గురువారం వచ్చింది, గిజెలా రాలేదు. "ఒంట్లో బాలేదేమో," అని అక్కతో అబద్ధం ఆడింది. పై గురువారం కూడా ఆడింది. రొజాలియా చిక్కుపడిన జడ తడుముకుంది.

ఇంకో వారానికి ముసలి ఫ్లోరియాన్ భార్యకు జబ్బు ముదిరింది. గిజెలాను పిలవలేదు. "ఆవిడ వస్తే ముందు మా ఆవిడ దిండుకి తాడు కట్టండ్రా!" అన్నాడు ఫ్లోరియాన్, దుకాణంలో ఉప్పు కొనుక్కుంటూ. అతనిలో చెడ్డతనం లేదు, భయంలో ఏదో ఒకటి అనాలని అన్నాడంతే. ఉన్నవాళ్ళు నవ్వారు.

ఒటీలియా అక్కడే ఉంది. "అది ఉత్త కథ. నేను కల్పించాను," అంది.

దుకాణం నడిపే ఆవిడ కన్ను గీటింది. "ఉత్త కథే పిన్నీ. పుంజుకి తోక కూడా లేదు."

మళ్ళీ నవ్వారు. ఒటీలియా కొనాల్సినవి కొనకుండానే బయటికి వచ్చేసింది. ముప్పై ఏళ్ళుగా ఆమె చెప్పిన మంచి కథలేవీ ఆ పీట దాటి బయటికి రాలేదు. ఇదొక్కటి ఊరంతా తిరుగుతోంది. ఇన్నేళ్ళూ ఇలా తిరిగే కథ ఒక్కటి చెప్పాలని తను కోరుకున్న మాట కూడా నిజమే. అది తలుచుకుంటే నడిరోడ్డు మీద చెవులు వేడెక్కాయి.

ఈకల పీట మీద ఆమె మళ్ళీ కూర్చోలేదు. అందరి మధ్యా బల్ల దగ్గర కూర్చుని తల వంచుకుని ఒలిచింది. "ఏదో ఒకటి చెప్పు వదినా, పాముల రాజైనా పర్లేదు," అని వెరోనా బతిమాలినా నోరు విప్పలేదు. దుప్పటి వారం ఆలస్యంగా పూర్తయింది.

విభూది బుధవారం ముందు పాపసంకీర్తనం చేసుకుంది. ఫాదరుగారు చివరిదాకా విన్నారు. "నాకు చెప్పావు, మంచిదే. కానీ ఎవరి మాట బయటపెట్టావో ఆవిడ గడప నువ్వింకా తొక్కలేదు కదమ్మా," అన్నారు.

గిజెలా తలుపు తీసింది. ఒక్క క్షణం చూసి, పక్కకి తప్పుకుంది. "రా. బూట్లకున్న మంచు దులుపుకో, జారతావు." కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. ఎండు ఆపిల్ ముక్కలు గిన్నెలో పోసి, వేడి టీతో పాటు ముందు పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి చెయ్యాల్సినవన్నీ చేసి అప్పుడు కూర్చుంది.

"తప్పు చేశాను," అంది ఒటీలియా.

"చేశావు."

"కావాలని చెయ్యలేదే."

"కావాలనే చేశావు. పుంజు మాట ఒక్కటే నోరు జారింది. మిగతాదంతా కూచుని అల్లుకున్నదే." గిజెలా గొంతు పెంచలేదు. "ఊరికి తెలిసిందని కాదు నా ఏడుపు. ఆవిడ్ని దెయ్యాన్ని చేశావు. కిటికీల దగ్గర నిలబెట్టి, నన్ను తిట్టించావు. ఆవిడ తిట్టలేదు. దిండు తీశాక నా చెయ్యి లాక్కుని చెంపకింద పెట్టుకుంది. అలాగే పోయింది. నా చెయ్యి రెండు రోజులు తిమ్మిరి."

"ఇది నాకు చెప్పలేదు నువ్వు!"

"చెప్పబోయాను. ఈలోపే నువ్వు లేచి పొయ్యి వెలిగించడం మొదలుపెట్టావు."

ఒటీలియాకు నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. నమ్మి చెప్పిన మాట బయటపెట్టింది సరే. అసలు ఆ మాట పూర్తిగా వినను కూడా లేదు. సగం విని, మిగతా సగం తనకు నచ్చినట్టు కుట్టేసింది.

"అందరికీ చెప్తాను గిజెలా. పీట మీద కూచుని జరిగిందంతా సరిగ్గా చెప్తాను."

"మళ్ళీనా?" గిజెలా మొదటిసారి మొహం తిప్పుకుంది. "వద్దు. మంచిగానూ వద్దు, చెడ్డగానూ వద్దు. నా సంగతి నువ్వు చెప్పొద్దు. ఇంక తాగు, చల్లారిపోతోంది."

తపస్సుకాలం మూడో వారానికి రొజాలియా మాట సన్నబడింది. ఫాదరుగారు వచ్చి ఆఖరి తైలం ఇచ్చి వెళ్ళారు. వెరోనా, ఇర్మా, ఇంకో ఇద్దరు వచ్చి, మేం కూచుంటాం అన్నారు. ఒటీలియా వాళ్ళ చేతులు పట్టుకుంది గానీ సరేనలేదు. రొజాలియా కళ్ళు తెరిచి, "గిజెలాకి ఇంకా తగ్గలేదా?" అంది. "నువ్వేదో చేశావులే. నీ మొహం చూస్తే తెలుస్తోంది. వెళ్ళి పిలుచుకురా."

ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు ఊరంతా నిలబడి ఉంది. ఫ్లోరియాన్ ఉన్నాడు, దుకాణం ఆవిడ ఉంది. గిజెలా ఎప్పటిలా కాకుండా పక్క తలుపులోంచి వచ్చి, గోడ వారగా వెళ్ళిపోతోంది. ఇంటికి వెళ్ళి అడగొచ్చు. ఎవరూ చూడరు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా ఒటీలియాకు సిగ్గేసింది. మంచు తవ్వి చేసిన దారికి అడ్డంగా వెళ్ళి ఆమె ముందు నిలబడింది. మాటలు ఆగిపోయి అందరూ ఇటు తిరిగారు.

ముప్పై ఏళ్ళు గది నిండా గొంతు నింపిన మనిషికి ఆ వేళ నోరు పెగల్లేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. చివరికి అందరికీ వినపడేలానే అంది.

"గిజెలా, అక్క పోయేలా ఉంది. నిన్నే అడుగుతోంది. నాకు నిన్నడిగే మొహం లేదని నీకూ తెలుసు, వీళ్ళందరికీ తెలుసు. నాకోసం కాదు. దాని తల చిక్కుపడిపోయింది, నా చేతికి రావడం లేదు. వచ్చి అక్క పక్కన కూచోవా? తలుపు మూసి మీరిద్దరే ఉండండి. నేను లోపలికి కూడా రాను."