హ్యాచరీ తలుపు మీది లెక్క

"పిల్లలు ఏ రోజు వస్తయి మేడం?"

మూడేళ్లుగా రోజుకు పదిహేను, ఇరవై మంది నన్ను ఫోన్లో అడిగే ప్రశ్న ఇదే. నేను కంప్యూటర్‌లో ఫైలు తెరిచి ఒక తేదీ చెబుతాను. సగం సార్లు ఆ తేదీ తప్పుతుంది. మళ్లీ నేనే ఫోన్ చేసి ఇంకో తేదీ చెబుతాను. తిట్టేవాళ్లు తిడతారు, కొందరు మాట్లాడకుండా ఫోన్ పెట్టేస్తారు.

జనగామ శివార్లలోని కోడిపిల్లల హ్యాచరీలో నా ఉద్యోగం అది. మిషన్లో పెట్టిన గుడ్డు ఇరవై ఒకటో రోజుకు పిల్ల అవుతుంది. ఇవాళ ఎన్ని గుడ్లు పెట్టారో రాసుకుని, వందకు ఎనభై పిల్లల చొప్పున లెక్కగట్టి, అవి ఏ రైతు షెడ్డుకు వెళ్లాలో ముందే పంచిపెట్టాలి. అప్పుడే పుట్టిన పిల్లలు చలికి ఆగవు కాబట్టి, రైతులు నేను చెప్పిన తేదీకి షెడ్డును బొగ్గు పొయ్యిలతో వేడి చేసి ఉంచుతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మా కంపెనీ కోసం బ్రాయిలర్ కోళ్లు పెంచే రైతులందరి నంబర్లు నా దగ్గరుంటాయి. వాళ్ల ముఖాలు తెలియవు, గొంతులు తెలుసు.

ఆ గొంతుల్లో పెద్దవంగర దగ్గర్లో ఐదు వేల పిల్లలు పట్టే షెడ్డు నడిపే ఒక అక్కది కూడా ఉంది. యాభై దాటి ఉంటుంది. భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు. నన్ను మేడం అనదు, బిడ్డా అంటుంది. మొన్న వానాకాలం మొదట్లో ఆమెకు మంగళవారం అని చెప్పాను. మంగళవారం పొద్దున పిల్లలు తక్కువ పడ్డాయి. ఉన్నవాటిని మా మేనేజరు సారు భూపాలపల్లి వైపు పంపేశారు.

"ఆ షెడ్డు పెద్దది. బండి నిండుగ పోతది. పెద్దవంగరకు శుక్రవారం అని చెప్పు," అన్నారు.

చెప్పాను. శుక్రవారం కూడా తక్కువే పడ్డాయి. ఈసారి ఫోన్ చేయడానికి నా చెయ్యి రాలేదు. పది గంటలకు ఆమే చేసింది.

"బిడ్డా, ఊక పోసినం. పరదాలు కట్టినం. పొయ్యిలు అంటిచ్చి రెండు బస్తాల బొగ్గు అయిపాయె. లోపల నిలవడితే చెమటలు పోస్తున్నయి. ఏవి పిల్లలు?"

"గురువారం వస్తయి అక్కా. ఈసారి పక్కా."

"నువ్వు ఒక్కసారి వచ్చి మా షెడ్డుల నిలవడు," అంది. అరవలేదు, బెదిరించలేదు. అరిచి ఉంటే నేను వెళ్లేదాన్ని కాదు.

ఆదివారం బస్సెక్కి కొడకండ్ల మీదుగా పెద్దవంగర వెళ్లాను. వాళ్లాయన బండి మీద వచ్చి షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. షెడ్డు పొడవునా కొత్త ఊక ఎక్కడా అడుగు పడకుండా సమంగా పరిచి ఉంది. నీళ్ల డబ్బాలు కడిగి వరుసగా బోర్లించారు. పొయ్యిలు చల్లారి ఉన్నాయి. ఆమె నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను క్షమించమనబోతే ఆపింది.

"శుక్రారం నాడు గార్ల చర్చిల మా చెల్లె బిడ్డ పెండ్లి ఉండె. దాన్ని చిన్నప్పుడు ఎత్తుకొని పెంచిన. పిల్లలు దిగినంక మొదటి మూడు రోజులు షెడ్డు ఇడిచి పోనీకి లేదు గదా. అందుకే పోలే. ఆయన పోలే, నేను పోలే. చెల్లె ఇప్పటిదాంక ఫోన్ ఎత్తుతలేదు."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఫైలులో నేను మార్చింది ఒక్క గడి. మంగళవారం తీసి శుక్రవారం రాశాను, శుక్రవారం తీసి గురువారం రాశాను. ఇక్కడ ఈమె ఒక పెళ్లికి దూరమైంది. బస్సులో తిరిగి వస్తూ సారు మీద, కంపెనీ మీద, చివరికి నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అసలు ఆ లెక్క ఎందుకు తప్పుతోందో మూడేళ్లలో ఒక్కసారైనా అడిగానా?

సోమవారం పొద్దున్నే, ఆఫీసు వాళ్లు ఎప్పుడూ దాటని మిషన్ల వైపు తలుపు దాటాను. రోగాలు రాకుండా లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ స్నానం చేసి, వాళ్లిచ్చిన బట్టలు వేసుకోవాలి. అదంతా చేసి తడి జుట్టుతో లోపలికి వెళ్లాను. అక్కడ ఇరవై ఏళ్లుగా మిషన్లు చూసుకునే అన్న ఒకాయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంది చెల్లె, గిట్లచ్చినవు?"

గుడ్ల లెక్క ఎవరు రాస్తారని అడిగాను. గుడ్లు పంపే ఫారం వాళ్ల చీటీలో ఎంత ఉంటే అంతే రాస్తామన్నాడు. పగిలినవి ఏరి పారేస్తారు గానీ చీటీలో తగ్గించరు. పద్దెనిమిదో రోజున ఒక్కో గుడ్డునూ లైటు మీద పెట్టి చూస్తారు. జీవం లేనివి తీసేసి, మిగిలినవాటిని పిల్లలు బయటికి వచ్చే మిషన్లోకి మారుస్తారు.

"ఈ ఎండలకు మస్తు గుడ్లు ఉత్తగనే పోయినయి. వందకు ఎనభై ఎక్కడియి? డెబ్బై అస్తే గొప్ప," అన్నాడు.

"మరి ఎన్ని మిగిలినయో రాయరా?"

"రాస్తం గదా," అని ఆ మిషను తలుపు చూపించాడు. దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో అంకె రాసి ఉంది. పిల్లలు వచ్చాక మిషను కడిగేటప్పుడు దాన్ని కూడా తుడిచేస్తారట.

 నాకు కావలసిన లెక్క మూడు రోజుల ముందే, నా కుర్చీకి అరవై అడుగుల దూరంలో, వారానికి రెండు మూడుసార్లు రాసి తుడిచేస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వెన్నడన్న అడిగినవా చెల్లె?"

గురువారానికి నా ఫైలులో పన్నెండు వేల పిల్లలున్నాయి. ఏడు వేలు భూపాలపల్లికి, ఐదు వేలు పెద్దవంగరకు. తలుపు మీది అంకె ప్రకారం తొమ్మిదిన్నర వేలు దాటవు. పరుగున వెళ్లి సారుకు చెప్పాను. ఆయన విన్నారు, తల కూడా ఊపారు.

"సరే, భూపాలపల్లికి ఏడు పంపుదాం. మిగిలిన రెండున్నర కొడకండ్లల చిన్న షెడ్డుకు ఇద్దాం. పెద్దవంగరకు వచ్చే వారం."

"సార్, ఆమెకిది మూడోసారి."

"ఫైలు హెడ్డాఫీసుకు పోయింది. నువ్వు దాన్ని ముట్టకు. రైతులకు అందుల ఉన్నదే చెప్పు."

ఆ మధ్యాహ్నం ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గురువారం అనుమానమేనని, నేను మళ్లీ ఫోన్ చేసేదాకా పొయ్యిలు అంటించొద్దని, చెల్లెలి ఇంటికి పోయి రావాలంటే పొమ్మని చెప్పాను. ఆమె అదంతా నాతో ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత, "గిది నిజం మాట లెక్క ఉన్నది బిడ్డా," అంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి సరైన పని చేశాననిపించింది.

బుధవారం పొద్దంతా వాన. గురువారం తెల్లారేసరికి భూపాలపల్లి దారిలో వాగు పొంగి రోడ్డు మూసేశారు. పిల్లలు అప్పటికే డబ్బాల్లో కిచకిచమంటున్నాయి. అప్పుడే పుట్టినవాటిని ఎక్కువసేపు బండిలో ఉంచలేం. సారు నన్ను పిలిచి, "పెద్దవంగరకు ఐదు వేలు కొట్టు. మిగిలినవి కొడకండ్ల షెడ్లకు పంచు," అన్నారు. మూడు రోజులు నేను బతిమాలినా కదలని ఆ మాటను ఒక వాగు ఒక్క పూటలో కదిలించింది.

ఆమెకు ఫోన్ చేశాను. మాట విని కంగారుపడింది. "ఇప్పుడా? బొగ్గులు తడిసినయి బిడ్డా. షెడ్డు చల్లగున్నది!" ముందు కొడకండ్లలో దింపి, తర్వాత పెద్దవంగర పొమ్మని డ్రైవరుకు చెప్పి ఆమెకు రెండు గంటలు సంపాదించాను. అవి చాలలేదు. షెడ్డు సరిగా వేడెక్కకముందే పిల్లలు దిగాయి. చలికి ఒకదాని మీద ఒకటి గుంపుగా పడ్డాయి. రెండు రోజుల్లో మూడు వందలకు పైగా చచ్చిపోయాయి. శనివారం ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు బాగా అలిసిపోయి ఉంది.

"నువ్వు చెప్పినవనే పొయ్యి అంటియ్యలే. నీది తప్పని అంటలేను," అంది. తప్పని అంటే బాగుండేది.

భూపాలపల్లి రైతు మాత్రం మొహమాటపడలేదు. రెండు రోజులుగా పొయ్యిలు మండించుకుని కూర్చున్న మనిషి. "మా మీద పగ పట్టినవా మేడం?" అని అరిచాడు. పక్క గదిలోంచి సారుకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. బయటికి వచ్చి, "అందుకే ఫైలు ప్రకారం చెప్పుమన్న," అని వెళ్లిపోయారు.  ఆ రోజు వాష్‌రూంలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాను.

అయినా మానలేదు. ఇప్పుడు లోపలి అన్న తలుపు మీది అంకెను ఫోటో తీసి నాకు పంపుతాడు. నేను ప్రతి రైతుకు రెండుసార్లు ఫోన్ చేస్తాను. మొదటిసారి ఏ వారమో చెబుతాను, రెండోసారి ఏ రోజో, ఎన్నో చెబుతాను. బొగ్గు పొడిగా దాచి పెట్టుకొమ్మని కూడా అంటాను. సారుకు తెలుసు, తెలియనట్టు ఉంటారు. పెద్దవంగర అక్క తర్వాతి బ్యాచ్ చెప్పిన రోజునే దిగింది. ఆమె చెల్లెలు మాత్రం ఇంకా మాట్లాడటం లేదట.

పోయిన వారం హెడ్డాఫీసు నుంచి ఒకతను వచ్చి లెక్కల కోసం కొత్త యాప్ నేర్పించాడు. మొదటి గడిలో ఫారం చీటీలోని గుడ్ల సంఖ్య వేయాలి. మిగతాదంతా అదే వందకు ఎనభై చొప్పున లెక్కగట్టుకుంటుందట. నేను చెయ్యెత్తి, పద్దెనిమిదో రోజు మిగిలిన గుడ్లు ఎక్కడ వేయాలని అడిగాను. మంచి సూచన అన్నాడు. రాసుకుంటాడేమోనని చూశాను. అతని చేతిలో పెన్ను లేదు.