మండెకట్టిన జొన్నలు

నైజాం రోజుల్లో ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద నాలుగెకరాల వరిపొలం ఉన్నవాళ్ల నడకే వేరుగా ఉండేది. మా అత్తవారు అలాంటివాళ్లు. మా తల్లిగారిది మన్నెగూడ దాటి పోయే మెట్ట ఊరు, అంతా ఎర్ర చెల్క. అక్కడ వాన పడితే జొన్నరవ్వ ఉడికించిన గట్క, పడకపోతే పస్తు.

"తెలివుంటె మీవోళ్లు గూడ వరన్నమె తిందురు," అనేది మా అత్త. లోకంలో ఒక ఊరికి ఎందుకుందీ, ఇంకో ఊరికి ఎందుకు లేదూ అన్నది ఆమెకు ఆ ఒక్క మాటతో తేలిపోయేది. నాకు ఒళ్లు మండేది. ఒకసారి మా అమ్మ ఆ మాట విన్నది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అరుగు మీదే కూర్చుని, నన్ను చూసుకుని వెళ్లిపోయేది. మెతుకు ముట్టేది కాదు. అమ్మ ఈ ఇంట్లో ఒక్కపూట కడుపునిండా తింటే చాలని ఉండేది నాకు.

ఒక ఏడు చెరువు నిండలేదు. తూములోంచి చుక్క రాలేదు. అత్త ఎన్నాళ్లగానో సాగు లేక పడావు పడ్డ తమ చెల్కను దున్నించింది. నాలుగు చినుకులు పడగానే జొన్నలు నానబోసి, గోనెసంచిలో మూటగట్టి, పైన రాయి పెట్టింది. వరి విత్తనాలను అలాగే మొలకెత్తించి బురదలో చల్లుతారు. దాన్నే మండెకట్టడం అంటాం. జొన్న మాత్రం పొడిగింజగానే నేలలో పడాలి. ఆ మాటే చెప్పాను.

"గట్క తినేటోళ్ల దగ్గర నేర్సుకోవాల్నా నేను," అంది.

నోరు మూసుకున్నాను. కొంచెం సంతోషంగానే మూసుకున్నాను, అబద్ధమెందుకు.

చెల్కలో చల్లిన తెల్లటి మొలకలు మధ్యాహ్నానికే ఎండకు మాడిపోయాయి. ఇంట్లో విత్తనం అయిపోయింది, నేలలో పదును ఆరిపోతోంది. అత్త గట్టు మీద కూలబడింది. ఆమెను అలా చూడగానే నా సంతోషం ఎటో పోయింది. అమ్మకు కబురు పంపాను.

అమ్మ జొన్నల మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది. మడమతో మట్టి తవ్వి, తడి ఎంత లోతుందో వేలు పెట్టి చూసి, గొర్రు వెనక నడుస్తూ తానే గింజలు విడిచింది. అత్త మాట్లాడకుండా వెంట నడిచింది. మా అత్త మాట్లాడకుండా ఉండడం చుట్టుపక్కల చేన్లవాళ్లంతా నిలబడి చూశారు.

వారం తిరగకముందే సాళ్లు పచ్చబడ్డాయి. అవి చూడడానికి వచ్చిన అమ్మ అలవాటుగా అరుగు మీదే కూర్చుంది. అత్త బయటికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"లోపటికి రా వదినె. తెలివి మా తాన లేకుండె. గా తెలివంత చెరువుల ఉండె. చెరువు ఎండినంక ఎర్కైంది."

అమ్మ నవ్వింది. "మాకు చెరువుంటె నేను గూడ గట్లనె అందును వదినె."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అమ్మ తెచ్చిన జొన్నల్లో మిగిలినవి తిరగలిలో విసిరి, అత్త తన చేత్తో మొదటిసారి గట్క వండింది. అంతా ఉండలు కట్టింది. అమ్మ మళ్లీ అడిగి పెట్టించుకుంది.