నేను నునుపు చేసిన గీత

మా సారు పోయారని నిన్న పొద్దున్న ఆర్.కె. పురం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి హిందీలో చెప్పింది. నేను తెలుగులో ఏడ్చాను.

తొంభైల నాటి మాట. ఢిల్లీలో ఒక ప్రయోగశాల. సోలార్ సెల్‌లోకి ఎంత వెలుతురు దిగుతుందో సారు కంప్యూటర్ మీద లెక్క కట్టేవారు. ఆ గ్రాఫుల్ని ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో గీసే టెంపరరీ ఉద్యోగం నాది. చదువు పదితో ఆగినా, పుస్తకాలు తిరగేసి సైన్సు నేర్చుకున్నానని నాకో పొగరు. ఆయనకి పొగరన్నదే లేదు, ఒక్క సాంబారు విషయంలో తప్ప. అశోకా రోడ్‌లో మన తెలుగువాళ్ళ క్యాంటీన్‌కి భోజనానికెళితే గిన్నె వంచి చూసి, "ములక్కాడ ఉందని నమ్మాలంతేనోయ్" అనేవారు. సరే, అసలు సంగతికొస్తాను.

ఓసారి ప్రింటర్‌లోంచి వచ్చిన గీత రంపప్పళ్ళలా ఉంది. ప్రింటరుకే ఏదో జబ్బనుకుని, పళ్ళన్నీ ఊడగొట్టి నున్నగా గీసిచ్చాను. ప్రాజెక్టు ఉంచాలా మూసెయ్యాలా అని తేల్చే కమిటీ అది చూసి, "వాహ్! నిజం సెల్ మీద తీసిన కొలతకి అచ్చంగా సరిపోయింది" అంది. సారు అప్పుడే మొదటిసారి చూశారు దాన్ని. నన్ను వరండాలోకి పిలిచారు.

"ఏమోయ్, పళ్ళేవి?"

"ప్రింటు చెడిందనుకున్నాను సార్."

"చెడింది ప్రింటు కాదు, నా లెక్క."

లోపలికెళ్ళి, "ఈ గీత మా లెక్కలో వచ్చింది కాదు, వారం గడువివ్వండి" అన్నారు. ఎవడు గీశాడని ఛైర్మన్ అడిగితే, "చూడకుండా మీ ముందు పెట్టింది నేను" అన్నారు. అంతే. నా పేరెత్తలేదు.

ఆ వారం నాకు పాఠం చెప్పారు. సెల్ మీది అద్దంలో వెలుగు ముందుకీ వెనక్కీ కొట్టుకుని, తనలో తనే కలిసి, ఓచోట హెచ్చుతూ ఓచోట తగ్గుతూ ఆ పళ్ళు వేస్తోందట. "అద్దమంతా ఒకే మందమని కంప్యూటర్ నమ్ముతోంది. నువ్వు కొలిచి చెప్పు."

మైక్రోమీటర్ పట్టుకుని మూలల్లో, అంచుల్లో, మధ్యలో కొలిచాను. ఏ రెండుచోట్లా ఒకే అంకె రాలేదు. సారు ఒక్కో మందానికీ విడిగా లెక్క నడిపి సగటు తీశారు. ఒకదాని గుట్ట ఇంకోదాని గుంటని పూడ్చేసింది. పళ్ళు పోయాయి.

వచ్చింది దాదాపు నేను గీసిన గీతే! "చూశారా సార్?" అన్నాను.

"అచ్ఛా! నీది అదృష్టం, దీనికి కారణం ఉంది. ఇప్పుడు గీయి."

ప్రాజెక్టు నిలబడింది, నా ఉద్యోగమూ నిలబడింది. నిన్నటి నుంచి నా కళ్ళముందున్నది మాత్రం ఆ గీత మళ్ళీ గీసిన మధ్యాహ్నమే. కూలర్ గాలికి కాగితం లేచిపోతుంటే, సారు కుర్చీలోంచి లేచి, రెండరచేతులూ దాని మీద ఆన్చి వంగి నిలబడ్డారు. ఆ చేతుల మధ్య నుంచి నా కలం చివరి చుక్క దాటేదాకా ఆయన ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.