చేదు చాక్లెట్‌కు తీపి వైన్

శనివారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు నా భర్త బండికి స్టాండు వేశాడు. మొదటి షిఫ్టు ముగించుకుని ఇంటికి చేరే వేళ అదే. లోపలికి వస్తూనే చెంబెడు నీళ్లు తాగి, ఇంకో చెంబు అడిగాడు. ఇచ్చాను. టేబుల్ మీద రెండు గ్లాసులు, మూడు రకాల చాక్లెట్ ముక్కలు అప్పటికే పెట్టి ఉంచాను.

బొగ్గుగనిలోంచి పైకి వచ్చాక బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం మా కాలనీలో పాత అలవాటు. గొంతులో పట్టిన దుమ్ము దిగుతుందని నమ్మకం. మా ఇంట్లో ఆ బెల్లం పోయి చాక్లెట్ రావడం నా వల్లే జరిగింది. నేను బడిలో టీచర్ని. ఏ చాక్లెట్‌కు ఏ వైన్ కుదురుతుందో ఒక పాత పత్రికలో చదివాను. క్రిస్మస్‌కు నల్లద్రాక్షతో ఇంట్లోనే వైన్ పెట్టడం మా అత్తగారి నాటి నుంచీ ఉంది. ఆయనకు మొదటి షిఫ్టు పడిన వారం, శనివారం, ఒంటిపూట బడి అయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్లం.

మొదటిసారి చేదు చాక్లెట్ ఇచ్చాను.

"ఏందే టీచరమ్మా, బొగ్గుపెల్ల వెడుతున్నవా? వారమంత అదే మింగుతున్న గద."

"నమలకు. నాలిక మీద కరగనియ్యి. కరిగినంక వైన్ తాగు."

తాగాడు. "గిప్పుడైతే ఒప్పుకుంట," అన్నాడు.

కొన్న వైన్ ఎలా ఉంటుందో చూద్దామని ఒకసారి పంపిస్తే ఖాళీ చేతులతో వచ్చాడు. "వైన్ షాపుల వైన్ అడిగితే ఎగాదిగ చూసిండ్రు. 'ఎవలికి కాకా, పాస్టరయ్యకా?' అని ఒకటే నవ్వుడు."

తర్వాత కరీంనగర్‌లో ఒక సీసా దొరికింది. దానిలో తీపి లేదు. పాల చాక్లెట్ తిని అది తాగితే ఉత్త పులుపు. వైన్ చాక్లెట్ కన్నా తియ్యగా ఉండాలని పత్రికలో రాసింది నిజమేనని తేలింది. ఆ క్రిస్మస్‌కు జాడీలో చక్కెర పెంచాను. చేదు చాక్లెట్‌కూ పాల చాక్లెట్‌కూ అది చక్కగా కుదిరింది. తెల్ల చాక్లెట్ మాత్రం దేనితోనూ కుదరలేదు.

నేను మొదట చెప్పిన ఆ శనివారం ఆయన కుంటుతూ వచ్చాడు. కాలి బొటనవేలి దగ్గర పుండు నెల నుంచీ మానలేదు. బూటు కరిచిందని ఆయన అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. దాహం గని వేడి వల్ల. చిక్కిపోవడం గనిలోపలి ఎగుడుదిగుడు నడక వల్ల. మూడింటికీ గనిలోనే కారణం దొరికింది కాబట్టి నేను ఇంకోటి వెతకలేదు. మా కాలనీలో ఎవరూ వెతకరు.

రెండో గ్లాసు నేనే పోశాను. గంటలోపే వాంతులు, ఆయాసం. దవాఖానకు తీసుకుపోయాం.

"షుగర్ ఎన్నేళ్ల నుంచమ్మా?" అని డాక్టర్ అడిగాడు.

"ఆయనకు షుగర్ లేదు సార్."

డాక్టర్ చేతిలోని రక్తపరీక్ష కాగితం వైపు చూశాడు, తర్వాత నా వైపు. షుగర్ వల్లే కాలి పుండు మానలేదని, దాని నుంచి విషం రక్తంలోకి పాకిందని చెప్పాడు. సోమవారం పొద్దున ఆయన పోయాడు.

సమాధి అయిన నాలుగో రోజు, ఆయనతో గనిలో పనిచేసే ఒకతను ఆయన డ్యూటీ సంచి తెచ్చిచ్చాడు. ఒకప్పుడు బెల్లం పెట్టుకున్న డబ్బాలో సగం వాడిన మాత్రల అట్ట, మడత పెట్టిన డాక్టర్ చీటీ. షుగర్ అని రాసి ఉంది. తారీఖు రెండేళ్ల కిందటిది.

"నీకెరికేనా తమ్మీ?"

అతను గడప దగ్గరే నిలబడ్డాడు. "ఎరికే వదినె. ఇంట్ల చెప్పరాదే అన్నా అంటే, 'చెప్తే శనివారం బంద్ జేస్తది. టీచరమ్మ దానికోసమే ఎదురుసూస్తది, ఎట్ల చెప్పాలె' అన్నడు. యాదికున్ననాడు గోలీ ఏసుకునెటోడు."

నేనేమో ఆ శనివారాలు ఆయన కోసం చేస్తున్నాననుకున్నాను.

అతను వెళ్లాక ఆ చీటీ మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. ఆ తారీఖు తర్వాత నేను రెండు జాడీలు పెట్టాను. రెండింట్లోనూ చక్కెర పెంచాను. రుచి చూపించి, చక్కెర చాలునా అని అడిగితే, "ఇంకింత ఎయ్యి" అన్నది ఆయనే. అప్పటికి ఆ చీటీ ఆయన సంచిలో ఉంది.

డిసెంబరులో పక్కింటి అక్క తన కోసం ద్రాక్ష కొంటూ నాకూ తేవాలా అని అడిగింది. వద్దన్నాను. జాడీ కడిగి బోర్లించి ఉంది. మా ఇంట్లో ఇప్పుడు వైన్ పెట్టడం లేదు.