పూజ పళ్లెంల ట్రాక్టర్ పిన్నులు

తప్పు నాదే. ముందుగాలనే నేనే చెప్తున్న. ఎన్క వేరేటోళ్లు చెప్తే నాకు కోపమొస్తది.

మా ఆయన ట్రాక్టర్ నడుపుతడు, మట్టి చదును చేసే పనులకు. సీటు ఎనక తలకన్న ఎత్తుల ఇనుప కమాన్ ఉంటది. బండి బోర్లపడితే మనిషి నలగకుంట అదే ఆపుతది. చిలకలగూడల మా రేకుల షెడ్డు పొట్టిది. అందుకే పొద్దుమీకి కమాన్ ఎనక్కు మడిచి, అది నిలబడేటందుకు గుచ్చే రెండు పిన్నులు పనిముట్ల డబ్బల ఏస్తడు. పొద్దున లేపి మళ్ల గుచ్చుతడు. బండి కొన్ననాడే మెకానిక్ చాచా మా ఇద్దర్ని కూసోబెట్టి చెప్పిండు: "కమాన్ లేపితే బెల్టు పెట్టాలె బేటా. మడిస్తే బెల్టు ఇప్పాలె. మడిచి సుత బెల్టు పెడితే, బండితోని నువ్వు సుత కిందనే."

పోయినేడు దసరాకు మోండా మార్కెట్ల బంతిపూలు తెచ్చి బండికి దండేసిన. మా ఇంట్ల పనిముట్లన్నీ దేవుని దగ్గర పెట్టి మొక్కుతం. డబ్బ బోర్లిచ్చి పానాలు, సుత్తె, ఆ పిన్నులు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టిన. మర్నాడు పొద్దున అన్నీ డబ్బల ఏసిన గని, పిన్నులు పూజ పళ్లెంల పూల కింద ఉండిపోయినయ్.

ఆయన సైనిక్‌పురి అవతల నాలా కట్ట పనికి పోయిండు. పదింటికి వాడిన పూలు తీస్తే పళ్లెంల పిన్నులు! ఫోన్ చేస్తే ఎత్తడు, ఇంజన్ చప్పుడుల ఏమినబడ్తది? పిన్నులు కొంగుల కట్టుకొని ఆటో ఎక్కిన.

పోయి చూస్తే కమాన్ మడిచే ఉంది. సారు కట్ట వాలు మీద నడుపుతుండు, నడుముకు బెల్టు!

"దిగు!" అని అరిచిన. కూలోళ్లంతా ఇటే చూసిండ్రు.

"ఏందే లొల్లి? పిన్నులు దొర్కలే. అందుకే బెల్టన్న పెట్టుకున్న," అన్నడు.

"మడిస్తే బెల్టు పెట్టొద్దని చాచా చెప్పలేదా?"

మొఖం జెర మాడింది గని, ఒప్పుకుంటడా మొగడు! పిన్నులకున్న పసుపు చూసి నవ్విండు. "దేవుని దగ్గర పెట్టినవు గద, ఇంక నాకేమైతది?"

"దేవుడొచ్చి నీ కమాన్ పట్టుకొని నిలబడ్తడా? గుచ్చు ముందు."

కమాన్ లేపి, రెండు దిక్కుల పిన్నులు గుచ్చి, బెల్టు బిగించిండు. అప్పటిదాంక నేను కదల్లే. అటెంక రోడ్డు మీద చాయ్ తాగుతున్న. గ్లాసు సగం సుత కాలే, కట్ట అంచు మట్టి జారి ట్రాక్టర్ పక్కకు పడిపాయె.

గ్లాసు ఏడ పడేసిన్నో తెల్వది, ఉరికిన. కమాన్ మట్టిల దిగి బండిని ఆడికే ఆపింది. ఆయన బెల్టుకు ఏలాడుతుండు. మోచెయ్యి గీరుకపోయింది, అంతే. ఏడ్చుకుంటనే తిట్టిన.

"ఏడ్వకే, ఇంజన్ బంద్ చేసిన," అన్నడు. బెల్టు ఇప్పుకొని దిగుకుంట, "చాచాకు చెప్పకు," అన్నడు.

చెప్పిన. ఎందుకు చెప్పొద్దు? చాచా వచ్చి కమాన్ తడిమి చూసి, "దెబ్బతిన్నదాన్ని మళ్ల నమ్మొద్దు," అని పిన్నులతో సహా కొత్తది ఏయించిండు.

వంకరపోయిన ఆ పాత పిన్నులు ఇంక దేవుని పళ్లెంలనే ఉన్నయ్. కొత్తవాటికి ఈ దసరాకు బండి దగ్గరికే పోయి బొట్టు పెట్టిన.