నా సాక్ష్యంలో లేని మనిషి

మా చర్చి సంఘంలో నేను చెప్పిన సాక్ష్యం చాలామందికి ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసులో అబద్ధం చెప్పమంటే చెప్పలేదనీ, ఉద్యోగం పోతే పోనీ అని నిజమే చెప్పాననీ మైకు పట్టుకుని చెప్పాను. అందులో కల్పన లేదు. నిజంగానే నిజం చెప్పాను. చెప్పనిది ఒక్కటే. ఆ నిజానికి పోయిన ఉద్యోగం నాది కాదు, రిసెప్షన్‌లో కూర్చునే ఒక అమ్మాయిది. ఆ పని చేసింది నేనని ఒక్క మాట అంటే ఆమె ఉద్యోగం నిలబడేది. నేను అనలేదు.

ఇప్పుడు అంటున్నాను. దయచేసి ఎవరూ స్తోత్రం అనకండి.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. దుమ్ములోంచి మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వచ్చేసరికి పిల్లల జుట్టు తెల్లబడేది. మా సెంటర్లో పాఠాలు ఒక వ్యాపారం, దొంగ అనుభవం ఇంకో వ్యాపారం. ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయనివాడికి మూడేళ్లు చేశాడని, లేని కంపెనీ పేరు మీద కాగితం తయారయ్యేది. కొత్తగా ఉద్యోగమిచ్చిన వాళ్లు ఆ మాట నిజమో కాదో కనుక్కోవడానికి ఫోన్ చేస్తారు కదా, ఆ ఫోన్ మా రిసెప్షన్ వెనక గదిలో మోగేది. ఎత్తినవాడే ఆ లేని కంపెనీకి మేనేజరు. "అవునండీ, మా దగ్గరే చేశాడు, బుద్ధిమంతుడు" అనాలి. ఎక్కువసార్లు ఆ మేనేజర్ని నేనే. చర్చిలో వాక్యం చదివే గొంతు కదా, ఎవరైనా నమ్ముతారని మా ఓనర్ నన్నే పిలిచేవాడు.

ఆదివారం పంజాగుట్టలో సండే స్కూలు పిల్లల చేత అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ వల్లె వేయించేవాణ్ణి. సోమవారం అదే నోటితో ఆ ఫోన్ ఎత్తేవాణ్ణి. రెండింటికీ మధ్య నడిస్తే ఇరవై నిమిషాల దూరం. నాకు మాత్రం అవి రెండు దేశాలు.

ఆ అమ్మాయిది సనత్‌నగర్. తండ్రి అక్కడే ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పగలు రిసెప్షన్ చూసుకుని, సాయంత్రం ఓనర్ అనుమతితో నా క్లాసులో వెనక బెంచీలో కూర్చునేది. ఆ బ్యాచ్‌లో ఆమెను మించినవాళ్లు లేరు. ప్రోగ్రాంలో ఒక తప్పు పట్టుకుందంటే దాని మూలం దొరికేదాకా వదిలేది కాదు. కోర్సు ముగియగానే ఇంటర్వ్యూలకు వెళ్లాలని ఆశ. దొంగ కాగితం మాత్రం వద్దంది.

ఆ ఫోన్ కూడా ముట్టేది కాదు. ఓనర్ ఒకసారి ఎత్తమంటే అందరిముందే చెప్పేసింది. "నేనెత్త సార్. ఎత్తితే ఉన్నదే చెప్త. తర్వాత మీ ఇష్టం."

అందరం నవ్వాం. నేను ఇంకొంచెం ఎక్కువ నవ్వాను.

మరోరోజు నేను ఫోన్ పెట్టేసి బయటికొస్తుంటే అడిగింది. "మీరెట్ల చెప్తరు సార్ గట్ల? మీరు చర్చికి పోతరు గదా?"

"అది వేరు, ఇది ఉద్యోగం" అన్నాను.

"మా ఇంట్ల సుత దేవుడున్నడు సార్. ఆఫీసుకు వచ్చేటప్పుడు, నువ్వు ఇంట్లనే ఉండు, నేను పొయ్యొస్త అని చెప్పి రాను గదా!"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం మంట పుట్టింది. వారం రోజులు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. బహుశా అందుకే ఆ మధ్యాహ్నం అలా జరిగింది. బంజారా హిల్స్‌లోని ఏదో కంపెనీ నుంచి ఒకావిడ, మా కాగితం పట్టుకెళ్లిన ఒక కుర్రాడి గురించి ఫోన్ చేసింది. మామూలు ప్రశ్నలన్నీ అయ్యాక, "నిజంగా మీ దగ్గర చేశాడా అండీ?" అని అడిగింది. "లేదండీ. అసలు అలాంటి కంపెనీయే లేదు" అని పెట్టేశాను. ఆ సాయంత్రం మాసబ్ ట్యాంక్ బస్సులో ఇంటికి వెళ్తూ, చాన్నాళ్ల తర్వాత ఆనందంగా ప్రార్థన చేసుకున్నాను.

ఆ ఆనందం వయసు ఒక్క రోజు.

ఫోన్‌లో ఎవరో లేదన్నారని మాత్రమే చెప్పి ఆ కంపెనీ కుర్రాణ్ణి తీసేసిందట. మర్నాడు ఓనర్ తలుపు తన్నుకుంటూ వచ్చాడు. "నా ఆఫీసులో నిజం చెప్పింది ఎవరు?" అని అరిచాడు. ఆ మాట ఎంత సిగ్గుమాలినదో అక్కడ ఎవరికీ తట్టలేదు. అందరి కళ్లూ ఆమె మీదికి వెళ్లాయి.

"నేను గాదు సార్" అంది.

"ఇంకెవరమ్మా? ఎత్తితే ఉన్నదే చెప్తానని నువ్వు కాదూ అంది?"

"అన్న. ఎత్తలే గదా!"

ఒక్కసారి నావైపు చూసింది. నేను బోర్డు తుడుస్తున్నాను. ఆ బోర్డు మీద ఏమీ లేదు.

టిఫిన్ డబ్బా, చున్నీ తీసుకుని, "క్లాసుకన్న రావచ్చా సార్? రెండు వారాలే ఉన్నది" అని అడిగింది. ఈ మెట్లెక్కితే బాగుండదన్నాడు ఓనర్. అంతటితో ఊరుకోలేదు. చుట్టుపక్కల సెంటర్లన్నింటికీ ఆమె సంగతి చేరవేశాడు. అమీర్‌పేటలో ఆమెకు ఎవరూ పని ఇవ్వలేదు, పాఠమూ చెప్పలేదు. ఇంట్లో చంటిపిల్ల, ఇంటి అద్దె అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమెకు ఇల్లు లేదా? ఇబ్బందులు లేవా? నాది భయం. దానికి వేరే పేరు పెట్టే హక్కు నాకు లేదు.

ఆ ఆదివారమే లేచి నిలబడ్డాను. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవడం మా సంఘంలో అలవాటు. నేను నా ధైర్యం చెప్పుకున్నాను. ఎవరి బతుకో తొక్కి దాని మీద నిలబడి మరీ చెప్పుకున్నాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి పాస్టర్ గారు యువకుల కూటాల్లో నన్ను చూపించి, ఇలా బతకాలి అనేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. వినయమనుకున్నారు. ఆ తల వంపు తలుచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన ఏడాది మళ్లీ చెప్పమన్నారు, చెప్పాను. అయ్యాక, కొత్తగా సంఘంలో చేరిన పెద్దాయన, ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరైన ఆయన, వెనక వరుసలోంచి అడిగాడు. "అంత చేస్తే నీ నౌకరి పోలేదా తమ్మీ? మా డిపోల అయితే తెల్లారేసరికి ఇంటికి పంపుతుండె."

"దేవుడు కాపాడాడు అంకుల్" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నా పిరికితనానికి దేవుణ్ణి పూచీ పెట్టాను. దొంగ కంపెనీ ఫోన్లలో కూడా అంత నీచమైన అబద్ధం ఆడలేదు నేను.

ఆ వారమే పాస్టర్ గారి ఇంటికి వెళ్లి మొత్తం చెప్పాను. "ఆ సహోదరి కోసం ప్రార్థన చేద్దాం బ్రదర్. మైకులో చెప్పడం ఎందుకు? విశ్వాసంలో బలహీనులు అభ్యంతరపడి దూరమవుతారు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మంచివాడిగా కనబడటానికి మైకు కావాలి, దొంగగా కనబడటానికి వద్దా? ఆ ఆదివారం ఎవరినీ అడగకుండా లేచి చెప్పాను. ఆ రోజు కళ్లు తుడుచుకున్నవాళ్లు ఎవరూ లేరు. పర్వాలేదు. కానీ అది కూడా చెప్పాల్సిన చోటు కాదు.

అప్పటి బ్యాచ్‌లో ఒకతన్ని పట్టుకుని ఆమె నంబరు సంపాదించాను. ఇప్పుడు సనత్‌నగర్‌లో మందుసీసాల మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చూసుకుంటుంది. తండ్రి పోయాడు. భోజనాల వేళకు రమ్మంది. గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడి మాట్లాడుకున్నాం. కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"ఆ రోజు ఫోన్‌లో చెప్పింది నేను" అన్నాను.

"ఎరుకే సార్. తలుపు తెరిచే ఉండె. నీళ్ల బాటిల్ నింపుకుంటున్న, ఇన్న."

"మరి ఓనర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"నేనెందుకు చెప్త? మీరే చెప్తరనుకున్న. గా రోజు కాకపోతే తెల్లారి. రెండు మూడు దినాలు ఫోన్ చేతిల పట్టుకునే తిరిగిన."

చర్చిలో చెప్పిన సాక్ష్యం సంగతీ చెప్పాను. నవ్వింది. "అండ్ల నేనున్ననా?"

"లేవు."

"అంటే ఆడ మెప్పు మీది, ఈడ తిట్లు నావి. మస్తుగ పంచిండ్రు సార్."

"దేవుడు నన్ను గద్దించాడమ్మా..." అని మొదలుపెట్టాను.

చెయ్యి అడ్డం పెట్టింది. నవ్వు పోయింది. "దేవుణ్ణి నడుమల తేకుండ్రి. గిది మీకూ నాకూ. మీరేం చేసిండ్రో అది చెప్పుండ్రి, చాలు."

నాకు తెలిసిన ప్రార్థన మాటలేవీ అక్కడ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నిజం చెప్పింది నేను. శిక్ష నీకు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నీ చదువు, నీకు రావాల్సిన ఉద్యోగం నా భయం వల్ల పోయాయి. పైగా అదే చెప్పుకుని పేరు తెచ్చుకున్నాను. అవి తిరిగి ఇవ్వలేను. తప్పు పూర్తిగా నాది. నన్ను క్షమించమ్మా."