ఆకు లేని నల్లమద్ది

తిరువనంతపురం నుంచి రెండు గంటలు కొండ ఎక్కితే వర్షారణ్యం మొదలవుతుంది. నగరం నుంచి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని అందులో నడిపించడం నా ఉద్యోగం. మొన్న వాన వెలిశాక వెళ్తే దారికడ్డంగా పెద్ద కొమ్మ విరిగిపడి ఉంది. పచ్చి చెక్క వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఎక్కడున్నా సరే, ఆ వాసన వస్తే నాకు దానియేలు సార్ గుర్తొస్తారు.

సార్‌ది శిరివెళ్ల. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక, ఆళ్లగడ్డ అవతల నల్లమల అంచున ఒక జలపాతానికి నడకదారి వేసే పని ఆయన చేతికొచ్చింది. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కానే అడవికీ వేసుకొచ్చేవారు. మాసిపోతుంది కదా అంటే, "అడివేమన్నా తక్కువదా?" అనేవారు. కోపం వస్తే అందరి గొంతూ పెరుగుతుంది, ఆయనది తగ్గేది. మాకు భయం అందుకే. నంద్యాలలో వృక్షశాస్త్రం డిగ్రీ పూర్తిచేసి అప్పుడే ఆయన దగ్గర చేరాను. చదువుకున్నానన్న పొగరు నెత్తికెక్కి ఉండేది.

దారి మీద పడేలా ఉన్న ఎండుచెట్లను కొట్టడానికి మాత్రమే మాకు అనుమతి ఉంది. పచ్చి చెట్టు మీద గొడ్డలి పడితే మా నలుగురి పనీ పోతుంది. ఏ చెట్లు కొట్టాలో చూసి, వాటికి ఎర్రరంగు వేసి జాబితా రాయడం నా వంతు. అది ఏప్రిల్ ఎండ. నంద్యాల బస్సు తప్పిపోతుందన్న తొందర. ఆకు లేని చెట్టల్లా చచ్చిందే అనుకుని రంగు పూసుకుంటూ పోయాను. మొత్తం పదకొండు. బ్రష్ తప్ప నా చెయ్యి ఒక్కదానికీ తగల్లేదు. సాయంత్రం సార్ నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున టీ బంకు దగ్గర తీరిగ్గా ఆ కాగితం తీసి చదివారు.

"ఏందీ పాపా, పదకొండూ సచ్చిపోయినాయా?"

"ఆకు ఒక్కటి గూడా లేదు సార్."

టీ గ్లాసు అక్కడే పెట్టేశారు. "ఎండాకాలం నల్లమల్లో ఆకు యాడుంటాది? పద, బేగా."

మేము వెళ్లేసరికే ఒకటి నేల మీద ఉంది. నల్లమద్ది. నరికిన చోట నీళ్లు కారుతున్నాయి. నల్లమద్ది తన మానులో నీళ్లు దాచుకుంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను.

"రంగుండాది గదా అని కొట్టినా సార్," అన్నాడు చెట్లు కొట్టే ఓబులేసన్న, గొడ్డలి పక్కన పెడుతూ.

సార్ నన్ను మిగిలిన పది చెట్ల దగ్గరికీ తీసుకెళ్లారు. "సన్న కొమ్మ పట్టుకుని గోరుతో గీకు," అన్నారు. గీకాను. తొమ్మిదింటికి లోపల పచ్చగా ఉంది. చివరికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. పడిన చెట్టు గురించి ఫారెస్టువాళ్లకు నేను రిపోర్టు రాయాలి. ఓబులేసన్నకు జాలేసింది. "చెదలు తినిందని రాయి పాపా. ఎవురొచ్చి చూస్తారు?" అన్నాడు. నేను అలాగే రాశాను.

సార్ చదివి గొంతు తగ్గించారు. "అది మాట్లాడలేదని దాని మీద చాడీలు చెప్తాండావా?"

నేను ఇంకో కాగితం తీశాను.

"చూడకుండా రంగేసింది నువ్వు. చదవకుండా సంతకం పెట్టింది నేను. ఇద్దరి పేర్లూ రాయి."

రాశాను. ఫారెస్టువాళ్లు మమ్మల్ని తీసెయ్యలేదు గానీ రెండు నెలలు పని ఆపేశారు. ఓబులేసన్న సంజామల వైపు కూలికి పోవాల్సి వచ్చింది. పని మళ్లీ మొదలయ్యాక అతని ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది. సార్ మాత్రం ఆ సంగతి ఇక ఎత్తలేదు. రోజూ నన్ను ముందు నడవమని, దారిలో ఏదో ఒక చెట్టు చూపించి, "ఇదేందో చెప్పు. తెలీకపోతే తెలీదను," అనేవారు. తెలీదు అనడం నేర్చుకోవడానికి నాకు డిగ్రీ కన్నా ఎక్కువ కాలమే పట్టింది.

చాలా ఏళ్ల తర్వాత, ఆయన మంచం పట్టారని తెలిసి శిరివెళ్ల వెళ్లాను. చిక్కి సగమయ్యారు. నరికిన మొదలు నుంచి నల్లమద్ది మళ్లీ చిగురు వేస్తుంది. ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్న మాట ఆ రోజు అడిగేశాను.

"ఆ మొద్దు చిగురించిందా సార్?"

అవునంటారని ఎంతో ఆశపడ్డాను. అలా అంటే ఆయనకు పోయేదేమీ లేదు. నేనైతే ప్రాణం కుదుటపడి ఇంటికి వెళ్లేదాన్ని.

"లేదు పాపా," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "మూడేండ్లు పోయి చూసినా. రాల్యా."

మరుసటి నెలలో ఆయన పోయారు. నన్ను అంతగా గౌరవించినవాళ్లు ఇంకెవరూ లేరని నాకు ఆ తర్వాతే తెలిసింది.

ఈ అడవిలో ఆకు రాలని చెట్లే ఎక్కువ. అయినా నడక మొదలుపెట్టే ముందు, ఒకప్పుడు చూడకుండా ఒక బతికున్న చెట్టును కొట్టించానని వచ్చినవాళ్లకు చెప్తాను. కొందరు ఇబ్బందిగా నవ్వుతారు. నన్ను ఓదార్చాలని ఎవరో ఒకరు, "మళ్లీ చిగురించే ఉంటుందిలెండి," అంటారు.

లేదు, అని చెప్తాను.